బొటనవేలి కింది పేరు

పోయిన వారం జంపయ్యను ఇల్లందు బస్సులో కిటికీ పక్క సీట్లో, తెరిచిన నోరు తెరిచినట్టే ఉండగా వదిలేసి వచ్చాం. పాపం, వారం రోజులు ఒక ముసలాయన నోరు అట్లా ఉంచడం న్యాయం కాదు. ముందు దాన్ని మూయిద్దాం.

ఈ మధ్యలో కథలోకి వచ్చినవాళ్లకు నాలుగు మాటలు చెప్పాలి. ఏన్కూరు దాటి అడవిలోకి మళ్లిన గూడెంలో బాలకృష్ణ ఇల్లు కట్టుకుంటున్నాడు. గోడలు లేచాయి, దర్వాజా లేదు. దర్వాజా కోసం అడవిలో ఒక టేకుచెట్టు కొట్టి, దుంగను గడ్డివాము కింద దాస్తే, ఫారెస్టోళ్లు దారి అడగకుండా నేరుగా గడ్డివాము దగ్గరికే వచ్చారు. దుంగ పోయింది, దాన్ని మోసిన ట్రాక్టర్ పోయింది, బాలకృష్ణ మీద కేసయింది. వాళ్లకు చెప్పిందెవరు? గూడెం గూడెమంతా దీని మీదే పడితే, వరుసకు బాలకృష్ణకు పెదనాయన అయిన మన జంపయ్య తన పాత పుస్తకం బయటికి తీశాడు.

ఆ పుస్తకానికి అట్ట లేదు, మొదలు లేదు, చివర లేదు. ఎవరో రాజు వేటకు పోయిన కథ, పాతకాలపు అచ్చు. అది తనకెట్లా దొరికిందో జంపయ్య ఒక్కొక్కరికి ఒక్కో తీరుగా చెప్తాడు. ఎలుగుబంటి నోట కరుచుకొచ్చి గుమ్మంలో పెట్టిందని కొందరికి, కొండచిలువ కడుపు కోస్తే దొరికిందని కొందరికి. ఇల్లందులో పాత కాగితాల కొట్లో సుతిలి కట్ట కింద దొరికిందని మాత్రం ఎవరికీ చెప్పలేదు. ఆయన సిద్ధాంతం ఏమిటంటే, పాతకాలపోళ్లు వాక్యం రాస్తే అందులో ఒక మనిషి పేరు దాచకుండా రాయరు. కళ్లు మూసుకుని పుట మీద మోదుగు పువ్వు వెయ్యాలి. పువ్వు పడ్డ చోటు నుంచి వాక్యాల మొదటి అక్షరాలు ఏరుకుంటూ పోతే, దాగున్న పేరు లేచి కూర్చుంటుంది. ఇన్నాళ్లూ తప్పిపోయిన మేకలకూ, పిల్ల సంబంధం ఏ ఊళ్లో కుదురుతుందనేదానికీ దీన్ని వాడేవాడు. మేక దొరికితే పుస్తకం గొప్పది. దొరక్కపోతే పువ్వు వాడిపోయింది.

ఆ రోజు పువ్వు పడ్డ చోట ఇట్లా ఉంది:

*కరిరాజములు బారులు దీరి నిలిచెను.*
*విపినమెల్ల దుందుభిధ్వనుల మాఱుమ్రోగెను.*
*తరులపై పక్షులు గుంపులుగ నెగసెను.*

క, వి, త. సరిగ్గా అప్పుడే గూడెం అంగన్‌వాడీ టీచరమ్మ కవిత, వాగు అవతలి తండా నుంచి స్కూటీ మీద వస్తూ వాళ్ల ముందు నుంచే పోయింది. జంపయ్య ముందు ఆమెను చూశాడా, ముందు అక్షరాలు చూశాడా అన్నది ఆయనకే తెలియాలి. ఆ పేరే నవ్వుతూ అన్నాడు, అందరూ నవ్వుతారనుకుని అన్నాడు. ఎవరూ నవ్వలేదు. మర్నాటి నుంచి తల్లులు పిల్లల్ని అంగన్‌వాడీకి పంపడం మానేశారు.

ఇక బస్సు సంగతి. పోయిన వారం జంపయ్య పక్క సీట్లో ఖాకీ చొక్కా ఒకతను కూర్చుని, "తాతా, గుర్తుపట్టలేదా? ఆ రోజు ఇదే బస్సుల నాకు దుంగ కథ చెప్పినవు గదా. ఫారెస్టుల కొత్త బీట్ ఆఫీసర్‌ను నేనే," అని భుజం మీద చెయ్యేశాడు. ఆ రోజు అతను మామూలు చొక్కాలో ఉన్నాడు. శ్రద్ధగా విన్నాడు. శ్రద్ధగా వినేవాడు దొరికితే జంపయ్య ఎన్ని మైళ్ల కథైనా చెప్తాడు. అడ్రసుతో సహా.

ఆ నోరే తెరుచుకుని ఉండిపోయింది. సరే, ఇప్పుడు మూశాం.

ఇంటికొచ్చాక జంపయ్య అన్నం ముందు కూర్చుని పప్పులో వేలు పెట్టి గీతలు గీస్తున్నాడు. భార్య జంపక్క చూసింది.

"ఏంది, పప్పుల గూడ పేర్లు వెతుకుతున్నవా?"

"ఆకలి లేదే."

"నీకు ఆకలి లేకపోవుడు నేను పెండ్లైనంక చూడలే. బస్సుల ఎవడన్న నీకంటే పెద్ద కథ చెప్పిండా?"

అవ్, చెప్పిండు, ఒక్క వాక్యంల చెప్పిండు అనుకున్నాడు జంపయ్య మనసులో. చెయ్యి కడుక్కుని బయటికి నడిచాడు.

దారిలోనే అంగన్‌వాడీ. వద్దనుకుంటూనే తల అటు తిప్పాడు. కవిత గడప మీద కూర్చుని ఉంది. లోపల చాపలు పరిచి ఉన్నాయి, గోడకు అఆలు ఉన్నాయి, చాపల మీద ఎవరూ లేరు. పక్కన గిన్నెలో ఉడకబెట్టిన గుడ్లు, ఆవిరి కూడా చల్లారిపోయింది. ఆమె ఫోను పట్టుకుని చూస్తోంది. పిల్లల ఫొటోలు తీసి పైకి పంపాలి రోజూ. తియ్యడానికి పిల్లలేరీ?

"టీచరమ్మా," అన్నాడు జంపయ్య.

కవిత లేచి నిలబడింది. కోపంగా లేదు. అదే ఆయనకు ఎక్కువ బాధ. "గుడ్డు తింటరా తాతా? పారెయ్యబుద్ధి అయితలే."

జీవితంలో తేరగా వచ్చిన గుడ్డును కాదన్న చరిత్ర లేని జంపయ్య, తల అడ్డంగా ఊపి, కాలికి పని చెప్పాడు.

నిజం చెప్పేస్తే పోయేది. చెప్పడానికే బయలుదేరానని ఆయన తనకు తాను చెప్పుకున్నాడు. కానీ బాలకృష్ణ ఇంటి దాకా నడిచేలోపు ఆ నిజం కొంచెం కొంచెంగా వంగి, ఇంకో దారి పట్టింది. నా పేరు చెప్పకుండానే ఆ పిల్లను బయటపడెయ్యొచ్చు గదా? పుస్తకం ఉత్తదే అని చూపెడితే సరిపోదా? పుస్తకం ఉత్తదైతే పేరూ ఉత్తదే. పేరు ఉత్తదైతే కవిత నిర్దోషి. నేనెందుకు మధ్యలో? ఈ ఉపాయం తట్టేసరికి ముసలాయన నడకలోకి మళ్లీ ప్రాణం వచ్చింది. దారిలో ఒక మోదుగు కొమ్మ కూడా విరిచాడు.

మిట్టమధ్యాహ్నపు ఎండ కాబట్టి అందరూ ఇంటి పట్టునే ఉన్నారు. దర్వాజా లేని ఇంటి ముందు, సిమెంటు సంచుల మీద బాలకృష్ణ కూర్చుని ఉన్నాడు. అతని భార్య దుర్గ చాయ్ పోస్తోంది. అన్న కొడుకు సతీష్ ఇటుకలకు నీళ్లు కొడుతున్నాడు. జంపయ్య పుస్తకంతో రావడం చూసి చుట్టుపక్కల ఇళ్లవాళ్లు కూడా చేరారు. వెనకాలే జంపక్క వచ్చింది, అన్నం తినని మొగుణ్ణి నమ్మి వదిలెయ్యడానికి ఆమె సిద్ధంగా లేదు.

"టీచరమ్మను పిలువుండ్రి," అన్నాడు జంపయ్య. "ఆమె ముంగటనే తేలాలె."

కవిత వచ్చి దూరంగా, ఇసుక కుప్ప పక్కన నిలబడింది.

"ఇగో, అందరు వినుండ్రి. ఆ రోజు నేను కవిత పేరు తీసిన. ఇయ్యాల అదే పేజీల ఎవరి పేరు కావాలంటే వాళ్ల పేరు తీస్త. అప్పుడు మీకే అర్థమైతది, ఈ పుస్తకం మాట పట్టుకుని మనిషిని అనరాదని."

"తియ్యి పెదనాయనా," అన్నాడు బాలకృష్ణ. గొంతులో నమ్మకమూ లేదు, అపనమ్మకమూ లేదు. కేసు పడ్డ మనిషి గొంతు అది.

జంపయ్య అద్దాలు సర్దుకున్నాడు. పువ్వు కూడా వెయ్యలేదు. "'దుర్గమమగు నెలవుల కృష్ణమృగములు బెదరెను.' చూసిండ్రా? దుర్గమం. వెతికే పనే లేదు, మాటలోనే కూసున్నది. దుర్గ. ఏంది కోడలా, నువ్వు పట్టిచ్చినవా మొగుణ్ణి?"

అందరూ నవ్వారు. దుర్గ నవ్వలేదు. చేతిలోని చాయ్ గ్లాసు కింద పెట్టింది, పెట్టడంలో సగం ఒలికింది.

"మామా, మా చెల్లెకు ఫోన్ల చెప్పిన," అంది మెల్లగా. "టేకు దర్వాజా పెడుతున్నం అని. దాని ఇంటికి వేప దర్వాజా. గొప్పకు చెప్పిన. ఎవరికన్న చెప్పిందేమో నాకు తెల్వదు."

నవ్వు ఆగిపోయింది. జంపయ్య కంగారుపడ్డాడు. ఇది ఆయన అనుకున్న దారి కాదు.

"అరె, దానికేమైతది కోడలా, అక్కచెల్లెండ్లు మాట్లాడుకోరా? ఇది గాదు, ఇంకోటి చూడుండ్రి. 'రాజసతీజనము మేడలెక్కి చూచుచుండెను.' రాజసతీల సతీ ఉన్నది. దాని కింది లైను, 'షట్పదములు ఝుంకారము సేసెను.' తుమ్మెదలన్నట్టు. ష. సతీష్. ఏం రా, తుమ్మెదల్లకెల్లి బయటికి రా."

సతీష్ నీళ్ల పైపు మడత పెట్టి పట్టుకున్నాడు. మడతలోంచి నీళ్లు చిమ్ముతున్నాయి.

"ఒక్క గంటనే ఉంచిన తాతా."

"ఏంది ఉంచినవు?"

"స్టేటస్. దుంగ మీద కాలు పెట్టి ఫొటో దిగి, పాట పెట్టి... బాబాయి చూస్తే తిడతడని తీసేసిన. కానీ అప్పటికే మస్తు మంది చూసిండ్రు."

బాలకృష్ణ తల ఎత్తి అన్న కొడుకును చూశాడు, తర్వాత భార్యను చూశాడు, తర్వాత తన చేతులను చూసుకున్నాడు. జంపయ్య చెమట తుడుచుకున్నాడు. ఆఖరు అస్త్రం తీశాడు. ఇంటి యజమాని పేరే తీస్తే, తన దుంగను తనే పట్టించుకున్నాడని ఏ పిచ్చివాడూ అనడు కదా. ఇక్కడితో పుస్తకం పని అయిపోతుంది.

"'బాలభానుడుదయింపగ రాజు వేటకు వెడలెను.' బాల. ఇందాకటి కృష్ణమృగముల కృష్ణ. బాలకృష్ణ. ఇగ చెప్పుండ్రి, ఈయనే ఈయన్ను పట్టిచ్చుకున్నడా?"

బాలకృష్ణ గొంతు సవరించుకున్నాడు.

"ఏన్కూరుల వడ్రంగి దుకాణం కాడ చెప్పిన పెదనాయనా. అక్కడ పది మంది కూసున్నరు. మా అడవి టేకు ముంగట సర్కారు డిపో కట్టె దేనికి పనికొస్తది అన్న. నా నోటితోనే అన్న."

పుస్తకం జంపయ్య చేతిలో బరువెక్కింది. ఇన్నేళ్లుగా ఆ కాగితాల్లోంచి తను తీసిన పేర్లన్నీ తన తలలోంచే వచ్చాయని ఆయనకు తెలుసు. మొదటిసారి ఆయనకు ఆ పుట అంటే భయం వేసింది. భయం కింద సిగ్గు. సిగ్గు కింద, చెప్పకూడదు గానీ, చిన్న సంతోషం. ఇంతమంది చెప్పినప్పుడు నేను చెప్పిందొక లెక్కా అన్న సంతోషం. ఆ సంతోషం తగలగానే ఆయనకు తన మీద తనకే రోత పుట్టింది.

"సరే అయితే," అన్నాడు తొందరగా. "అందరు చెప్పుకున్నరు. ఎవల్లనో ఒకల్లను అనేది లేదు. రేపటి సంది పిల్లలను అంగన్‌వాడీకి పంపుండ్రి."

"అట్లెట్ల?" అన్నాడు బాలకృష్ణ. నిదానంగా, ఒక్కో మాటా కూడబలుక్కుంటూ. "పుస్తకం ఉత్తదన్నవు. ఉత్తదెట్లయితది? దుర్గ పేరొచ్చింది, దుర్గ ఒప్పుకున్నది. సతీష్ పేరొచ్చింది, వాడు ఒప్పుకున్నడు. నా పేరొచ్చింది, నేను దాచుకోలే. పేరొచ్చినోళ్లం అందరం తప్పు చేసినం, అందరం ఒప్పుకున్నం. పేరొచ్చి కూడ ఒప్పుకోనిది ఒక్క టీచరమ్మనే."

చుట్టూ ఉన్న తలలన్నీ ఇసుక కుప్ప వైపు తిరిగాయి.

కవిత పైట కొంగు చుట్టుకుని నిలబడింది. "చెయ్యంది ఎట్ల ఒప్పుకోవాలె అన్నా? మీరు దుంగ కొట్టిన సంగతి ఫారెస్టోళ్లు వచ్చిన రోజుదాంక నాకు తెల్వదు. నేను పొద్దున వస్త, పొద్దుమీకకముందే పోత."

"పుస్తకం మరి నీ పేరు ఎందుకు చెప్పింది?" ఎవరో వెనక నుంచి అడిగారు.

"అది పుస్తకాన్ని అడుగుండ్రి." ఆమె జంపయ్య వైపు చూసింది. "లేకుంటే తాతను."

తాతను అన్న ఆ మాట దగ్గర జంపక్క కదిలింది. ఇంతసేపూ గోడకు ఆనుకుని మొగుడి ముఖమే చదువుతోంది ఆమె. చదువు రాకపోయినా ఆ ఒక్క పుట ఆమెకు బాగా వచ్చు.

"అందరివి తీసినవు. నీ పేరు తియ్యి ముసలోడా."

"నాదా? నాదెందుకుంటది? అది రాజుల కథ."

"సతీష్‌గాడి పేరు ఉన్న రాజుల కథల నీ పేరు లేకుంటే ఎట్ల? చూడు."

జంపయ్య పుట మీదికి వంగాడు. వెతకాల్సిన పనే పడలేదు. కిందనుంచి మూడో వాక్యంలో, ఇన్నేళ్లలో ఎన్నడూ కంటపడని చోట, ఎదురుచూస్తున్నట్టు ఉంది:

*జంబుకములు పయనమాయెను.*

జం. పయ. రేషన్ కార్డు మీద కూడా తన పేరు ఇంత చక్కగా లేదు. నక్కలు ప్రయాణమై పోయాయట. బస్సులోనా, అని అడగాలనిపించింది ఆయనకు, ఎవరిని అడగాలో తెలియలేదు.

కుడిచేతి బొటనవేలు దానంతట అదే జరిగి ఆ వాక్యం మీద పడుకుంది.

"లేదు," అన్నాడు జంపయ్య. "నా పేరు లేదు."

గూడెంలో ఊరట కలిగినట్టు ఒక నవ్వు లేచింది. "ఇగో, ఊళ్లె అందరికంటే పెద్ద అబద్ధాలకోరు ఒక్కడే కడిగిన ముత్యం," అన్నారెవరో. జంపక్క నవ్వలేదు. కవిత చూపు మాత్రం ఆ బొటనవేలి మీద ఒక క్షణం ఆగింది. దాని కింద ఏముందో ఆమెకు కనపడే దూరం కాదు. అయినా జంపయ్య వేలు కాలినట్టు పుస్తకం మూశాడు.

"అయితే పెద్దమనిషిగ నువ్వే ఉండాలె పెదనాయనా," అన్నాడు బాలకృష్ణ లేస్తూ. "పేరు లేనోడివి నువ్వొక్కడివే. సోమారం పర్ణశాల పోదాం. మేం ఒప్పుకున్నోళ్లం, మాకు ప్రమాణం అక్కర్లేదు. టీచరమ్మ గోదావరిల మునిగి, తడిబట్టలతో గుడి ముంగట నిలబడి, నేను చెప్పలేదు అనాలె. పుస్తకం పట్టుకుని అడిగేది నువ్వు."

జంపయ్య పుస్తకాన్ని చంక కింద దాచుకున్నాడు.

"వస్త అన్నా," అంది కవిత. కొంగు చివర ఆమె వేళ్ల మధ్య నలుగుతోంది. "ప్రమాణం చేస్త. కానీ చేసినంక నేను మీ గూడెం రాను. పిల్లలు రాని సెంటర్‌ను పక్క ఊళ్ల కలుపుతరట, నిన్ననే సూపర్వైజర్ మేడమ్ ఫోన్ చేసింది. కలపనియ్యి. మా నాయిన రూప్‌సింగ్ అంటనే ఉన్నడు, వేరే గూడెంల నౌకరి ఎందుకు బిడ్డా అని. నేనే ఇనలే. మీ పిల్లలు అలవాటైండ్రు నాకు." స్కూటీ తాళం చేతిలోకి తీసుకుంది.

దుర్గ తల దించుకుంది. ఆమె చిన్నది మాటలు నేర్చింది ఆ చాపల మీదే.

ఇప్పుడు. ఇప్పుడే చెప్పాలి. జంపయ్య రెండడుగులు వేసి బాలకృష్ణ భుజం పట్టుకున్నాడు. నోరు తెరిచాడు. కానీ ఆ నోటికి యాభై ఏళ్ల అలవాటు ఒకటి ఉంది. నిజం దాకా రాగానే అది పక్కకు తిరిగి, ఎదుటి మనిషిని ఉబ్బించడం మొదలుపెడుతుంది. బాలకృష్ణ మనసు మెత్తపడితే చాలు, ప్రమాణం మాట వాడే వెనక్కి తీసుకుంటాడని ఆశ.

"బిడ్డా, నీ కడుపుమంట నాకు తెల్వదా? ఆడపిల్ల మీద తీర్సుకుంటే తీరేది కాదు అది. అసలు ఆ దుంగ ఎసువంటిదిరా. అంత దుంగ మళ్ల ఈ అడవిల పుడతదా? ఇద్దరు మనుషులు చేతులు చాపినా కౌగిట్లకు రాదు. రెండు జతల ఎడ్లు గుంజినా కదల్లే. నడుమ తొర్రల ఇంత తేనెతుట్టె, ఈగలతోటి సహా ఇంటికొచ్చిందంటే అది మామూలు దుంగనా? దాన్ని పోగొట్టుకున్నోడు..."

సతీష్ మధ్యలో నవ్వాడు. "ఏం తేనెతుట్టె తాతా. నా తొడంత ఉన్నది దుంగ. అది గూడ వంకర."

చుట్టూ అందరూ నవ్వారు. ముసలాయన మళ్లీ మొదలుపెట్టాడని దుర్గ కూడా కన్నీళ్లు తుడుచుకుంటూ నవ్వింది.

భుజం పట్టిన జంపయ్య చెయ్యి కింద, బాలకృష్ణ ఒళ్లు మాత్రం కట్టెలా బిగిసింది.

"నవ్వకుండ్రి," అన్నాడు. గట్టిగా అనలేదు. అయినా నవ్వులు ఒకటొకటిగా ఆగాయి.

"నన్ను పట్టుకపోయిన రోజు ఆఫీసుల కూసోబెట్టి, పొద్దంత ఒకటే అడిగిండ్రు. ఇది గాదురా, పెద్ద దుంగ ఏది, తేనెతుట్టె ఉన్న దుంగ ఏడ దాసినవు అని. నాకు సమజ్ కాలే. తాగి అడుగుతున్నరేమో అనుకున్న. లేని దుంగ ఏడికెల్లి తేవాలె? దానికోసమే ట్రాక్టర్ ఇస్తలేరు." అతను జంపయ్య చేతిని తన భుజం మీద నుంచి నెమ్మదిగా తీశాడు. కానీ వదల్లేదు, మణికట్టు పట్టుకునే ఉన్నాడు. "ఆ ముచ్చట నేను దుర్గకు గూడ చెప్పలే. ఎవ్వలకు చెప్పలే. నీకెట్ల తెలుసు పెదనాయనా, తేనెతుట్టె సంగతి?"

కవిత స్కూటీ ఎక్కబోయి, ఒక కాలు నేల మీద ఉంచి ఆగిపోయింది.

జంపయ్య చుట్టూ చూశాడు. చిన్నా పెద్దా అందరూ ఆయన నోటి వైపే చూస్తున్నారు. ఎంతోకాలంగా ఆయన కోరుకున్న సభ ఇదే, ఒక్కరూ దగ్గడం లేదు, ఒక్కరూ లేచి పోవడం లేదు. గొంతులో ఒక్క అక్షరం కూడా మిగల్లేదు.

గోడ దగ్గర నుంచి జంపక్క మాట వినపడింది.

"చెప్పు ముసలోడా. బస్సెక్కిన కాడి నుంచి చెప్పు."